వానకోటు ఎవరు తొడిగారు?

ఏమండీ, అక్కకు జ్వరమట. మిర్యాలగూడ బస్సుకు వెళ్తున్నాను. మీ మైనపు వానకోటును తడిగుడ్డతో తుడిచాను. సబ్బు తగలనివ్వకండి, ఉన్న మైనం పోతుంది. గిన్నెలోని తేనెమైనం, అవిసెనూనె వేడినీళ్ల మీద కరిగించి, గోరువెచ్చగా ఉండగానే కుట్ల వెంబడి రుద్దండి.

నాకు ఒక్కటి మాత్రం ఎంత ఆలోచించినా బోధపడడం లేదు. “ఐదు దినాల సంది గడప దాటలే” అన్నారే, మరి కోటు అంచులకు పచ్చి బురద ఎక్కడిది? మీకు సరిపోయే చేతులు రెండు మడతలు మడిచి ఎందుకున్నాయి? అలా మడిచి తొడిగేది మన సైదయ్య ఒక్కడే. వాడు అడవుల్లోకి పోయి నాలుగు నెలలు. జాడ తెలియదన్నది మీరే. నేను వాని తల్లినా, పోలీసు పటేలునా?

మరిచాను: పూసిన మైనం రెండు రోజులు నీడన ఆరాలి. అందాక కోటు ఎవ్వరికీ ఇవ్వకండి, అడిగినవాణ్ణి కూర్చోబెట్టండి. ఎల్లుండి పొద్దుటికే వస్తాను.