మౌలాలిలో దొరికిన ఇంజను

మహారాజశ్రీ అన్నయ్యగారికి, పరలోకంలో కూడా మీ నిద్ర చెడగొడుతున్నందుకు ఈ తమ్ముడు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాడు.

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పాత కారు తార్నాకలో మనింటి ముందు ఇంకా ఇటుకల మీదే ఉంది. యూనివర్సిటీలో క్లాసులెగ్గొట్టి, దానికి ఇంజను కోసం తిరిగి తిరిగి నేనే అరిగిపోయాను. ఇవాళ మౌలాలిలో, పాత సామాన్ల ఖాసిం భాయ్ దగ్గర, మనం కొనగలిగిన ధరకే దొరికింది.

ఆయన ఇంజను స్టార్ట్ చేసి స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. దాని మొన ఇంజనుకీ, పిడి చెవికీ ఆనించి నీలాగే కళ్లు మూసుకున్నాను. చప్పుడు తప్ప నాకేమీ తెలియలేదు.

"మీ భాయ్ సాబ్ ఏడున్నడు? ఆయన చెవి పెట్టంది మీరు కొనరు గద!"

ఇంజను కొనలేదన్నయ్యా. ఊరెళ్లావనీ, ఆదివారం వచ్చి వింటావనీ, అంతవరకూ ఎవరికీ ఇవ్వొద్దనీ చెప్పి వచ్చేశాను.