నాయిన నోరు పాడవలేదు

శాంతా,

ఏడు గంటల బండికి వికారాబాద్ ఆఫీసుకు పోతున్నాను, శనివారం వస్తాను. మధ్యాహ్నం రొట్టె పెట్టే దాకా నాయినకు చాయ్ ఇవ్వకు. చూడడానికి వచ్చినవాళ్ళు తెచ్చే అరటిపళ్ళు, బిస్కెట్లు తీసి గూట్లో పెట్టు. ముందర ఉంటే, వాళ్ళు నొచ్చుకుంటారని ఆయన వద్దనకుండా తింటాడు. బీరప్ప మామ "గీ ఒక్కటి తిను బావా" అని బతిమాలినా సరే, ఇవ్వకు.

జ్వరం పోయి పది రోజులైనా నాయిన "మన్ను తిన్నట్టున్నది, తీస్కపో" అని కంచం నెట్టేస్తుంటే, ఇక కోలుకోడేమోనని నువ్వు వంటింట్లో ఏడ్చావు. కడుపు నిండి ఉంటే మన మెదడే తిండికి విలువ తగ్గిస్తుంది. ఆకలైతే అదే తిండికి పెంచుతుంది. కాలేజీలో చదివిన ఈ సంగతి చెప్తే, "బి.ఎస్సీ. చదివినోనివి, రొట్టె ముచ్చట నీకేం ఎర్క" అని నవ్వావు. అందుకే నిన్న నువ్వు చేనుకు పోయాక, పొద్దున ఆయనకు గ్లాసెడు జావ ఇచ్చి ఊరుకున్నాను. వచ్చినవాళ్ళను అరుగు మీద నుంచే పంపించాను. మధ్యాహ్నం ఒక రొట్టె తిని, తనే పిలిచి "ఇంకో రొట్టె ఉన్నదా కొడుకా" అని అడిగాడు. రోజూ పెట్టే జొన్నరొట్టే, రోజూ ఉండే పప్పే.

ఇక ఏడవకు. నువ్వు కూడా వేళకు తిను.

నీ అన్న,
సోమేశ్వర్

రాయడం మరిచాను. నిన్నటి రొట్టెలు చేసింది నేనే. రెండూ మాడిపోయాయి. రెండూ తిన్నాడు.