దీపం ఆరేదాకా జపం

బకోలోద్, ఆదివారం

చెల్లీ మిలాగ్రోస్, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, బెంగపడకు.

కొత్త కారు వచ్చింది. దీనికి తాళంచెవి తిప్పే పని లేదు, బటన్ నొక్కితే చాలు. ఇవాళ చర్చికి బయల్దేరుతూ నేను నొక్కబోతే, పక్కన కూర్చున్న అమ్మ అరచేత్తో బటన్ మూసేసింది.

"ఆగరా! జపం కాలేదు."

నాన్న పాత డీజిల్ జీపు గుర్తుందిగా? తాళం సగం తిప్పి, ఇంజను లోపల వేడెక్కి ముందరి పసుపు దీపం ఆరేదాకా ఆగేవాడు. ఆలోగా మన చేత మరియమాత జపం చెప్పించేవాడు. మనం ఆమెన్ అనేసరికి దీపం ఆరేది.

అసలే ఆలస్యమైందని నాకు ఒళ్లు మండింది. "ఇది నొక్కగానే స్టార్టవుతుందమ్మా, ఆగక్కర్లేదు," అన్నాను.

"బండి స్టార్టయితే సరా? మీ నాన్న ఎక్కొద్దూ?" అంది.

ఆయన పోయి మూడేళ్లు. జపం మొదలుపెట్టాను. ఆమెన్ అన్నాకే చెయ్యి తీసింది.

పంపిన ఎండుచేపలు అందాయా? జీపు తుక్కుకి ఇచ్చిన రోజు నువ్వు దాచుకున్న తాళంచెవి కవర్లో పెట్టి పంపు. ఈ కారులో అది దూరే చోటు లేదని తెలుసు. అమ్మ చేతిలో పెడతాను.

పిల్లలకు అమ్మ దీవెనలు.

అన్నయ్య క్రిస్పిన్