వెనింగ్ తల ఊపితే సమ్మతి కాదు

బంతుల్ జిల్లాలో బాతిక్ బట్టల పనిశాల నడుపుతున్న మరియా సుతర్మి అనే నేను, డెబ్బై ఒకటో ఏట, నోటరీ హంద్రియోగారి ఎదుట కూర్చుని రాయిస్తున్న వీలునామా ఇది. నా బుర్ర సరిగ్గానే పనిచేస్తోంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు. కోపంగా ఉన్న మాట నిజమే. కోపమొచ్చినవాళ్ళకి మతి లేనట్టు చట్టంలో ఎక్కడా లేదని నోటరీగారే చెప్పారు. ఇంతకుముందు నేను రాసినవేవైనా ఉంటే అవన్నీ రద్దు.

నాకు సంతానం ఇద్దరు. కొడుకు ప్రణోతొ. కూతురు వెనింగ్, పుట్టు చెవిటిది. దానికి ముప్పై దాటాయి. ఇంకా దాన్ని పసిపిల్లలా చూసేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

1. ఇల్లూ, రోడ్డు పక్క స్థలమూ ప్రణోతొకు చెందుతాయి. వాడు నా కొడుకు, వాణ్ణి వీధిన పడేయను. వాళ్ళ నాన్న పెళ్ళినాడు కట్టుకున్న గోధుమరంగు బాతిక్ గుడ్డ కూడా వాడికే. చిన్నప్పుడు వాణ్ణి అందులోనే నడుముకు కట్టుకుని తిరిగాను.

2. పనిశాల, అందులోని పొయ్యిలు, మైనం కరిగించే మూకుళ్ళు, మైనంతో ముగ్గులు గీసే రాగి కలాలు, రంగు తొట్లు సమస్తం వెనింగ్‌కు, సర్వహక్కులతో. ప్రణోతొ అక్కడ ఒక్క పీట కూడా జరపకూడదు. మా దగ్గర ఒక్కో పొయ్యి చుట్టూ నలుగురు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని గీస్తారు. పోయినేడు వాడొచ్చి, "వరసగా గోడవైపు కూర్చోబెడితే ఇంకో పదిమంది పడతారమ్మా. ఎలాగూ వీళ్ళు మాట్లాడుకోరుగా" అన్నాడు. నా పనిశాలలో సగంమంది చెవిటివాళ్ళు. పొద్దుగూకులూ చేతులతో కబుర్లే. గోడవైపు తిరిగి కూర్చుంటే ఎవరి చేతులు ఎవరు చూడాలి? ఇరవయ్యేళ్ళుగా ఆ గుమ్మం తొక్కుతున్నవాడికి ఈపాటి తట్టలేదు.

3. వెనింగ్ తల ఊపితే అది సమ్మతి కాదు. ఈ వీలునామాకు ప్రాణం ఈ అంశమే.

మా వాళ్ళలో పెద్దలేం చెప్పినా తల ఊపి "ఇంగ్గిహ్" అనాలి. అర్థం కాకపోయినా, ఇష్టం లేకపోయినా అవునండీ అనాల్సిందే. కాదంటే మొరటుమనిషి కింద లెక్క. వినపడే పిల్లలు బయటికొచ్చాక పక్కవాళ్ళనడిగి తెలుసుకుంటారు. వెనింగ్ ఎవరినడుగుతుంది? అందరినీ కలుపుకునే బడి అని గేటు మీద రంగులతో రాసుకున్న చోట చేర్పించాను. పంతుళ్ళు బోర్డుకేసి తిరిగి పాఠం చెప్పడం, ఆఖర్న "అర్థమైందా?" అనడం, ఇది తల ఊపడం. "మీ అమ్మాయి బంగారమండీ, ఒక్కనాడు కూడా కాదనదు" అని హెడ్మాస్టరు నన్ను మెచ్చుకున్నాడు. అలా తల ఊపుకుంటూ అన్ని తరగతులూ దాటింది. ఆఖర్న చేతికిచ్చిన సర్టిఫికెట్టులో ఏం రాసుందో చదవలేకపోయింది. తర్వాత దానికి చదువు చెప్పింది నస్తితి. చేతుల భాష తెలిసిన ఆ మనిషి సాయంత్రాలు మా పనిశాలకొచ్చి, మైనం వాసనకు దగ్గుతూ నేర్పింది.

ఆపైన బట్టల ఫ్యాక్టరీ. వికలాంగులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలని చట్టం చెబుతోందిగా, అందుకని దీని పేరు రాసుకుని యూనిఫాం ఇచ్చారు. "జీతం పడుతుంది, నువ్వు మాత్రం రానక్కర్లేదు" అన్నారట. తల ఊపింది. మర్నాడు యూనిఫాం వేసుకుని, అన్నం మూట కట్టుకుని వెళితే కాపలావాడు గేటు దగ్గరే తిప్పి పంపాడు. ఇంటికొచ్చి ఆ మూట విప్పకుండా కూర్చున్న నా కూతుర్ని నేను చూశాను. వాళ్ళను ఈ జన్మలో క్షమించను.

పోయిన నెల ప్రణోతొ దాని ముందు ఓ కాగితం పెట్టి సంతకం చేయించుకున్నాడు. నా తర్వాత పనిశాల అమ్మడానికి అభ్యంతరం లేదని అందులో ఉంది. నిలదీస్తే, "దొంగతనంగా చేయలేదమ్మా, మొత్తం చదివి వినిపించాను. తల ఊపింది" అన్నాడు. చదివి వినిపించాడట, చెవిటిదానికి.

కనుక ఆ కాగితం చెల్లదు. ఇకమీదట చేతుల భాష తెలిసినవాళ్ళు విషయం చెప్పాలి, వెనింగ్ దాన్ని తన చేతులతో తిరిగి చెప్పాలి, ఆ భాష తెలిసిన ఇద్దరు చూడాలి. అప్పుడే దాని సంతకానికి విలువ.

4. నా వరి మడి మీద వచ్చే కౌలు వెనింగ్ చదివిన ఆ బడిలోనే, చెవిటి పిల్లలకెదురుగా నిలబడి పాఠాన్ని చేతులతో చెప్పే మనిషికి జీతంగా వెళ్ళాలి. హెడ్మాస్టరు చేతికి చిల్లిగవ్వ ఇవ్వకూడదు. ఆయన బడి గొప్పలు చెప్పుకుంటూ వెనింగ్ నవ్వుతున్న ఫోటో అట్టమీద వేసి పంచిన పుస్తకం నా బీరువాలో ఉంది, దాన్ని ఆయనకు తిరిగి పంపండి.

5. ఫ్యాక్టరీ యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి గేటు దగ్గర అప్పగించండి. నా సన్నచుక్కల కలం కినాసిహ్‌కు. వెనింగ్ పొయ్యి దగ్గరే కూర్చునే ఈ పిల్ల దాన్ని ఎప్పుడూ అడిగి తీసుకుని తిరిగివ్వడం మర్చిపోతుంది. ఇక ఇవ్వక్కర్లేదు.

6. వెనింగ్‌కు సంరక్షకురాలిగా నస్తితిని నియమిస్తున్నాను. పనిశాల వ్యవహారాలన్నీ ఆమె అనుమతితోనే జరగాలి.

పై అంశాలన్నిటినీ నా ఎదుటే నస్తితి వెనింగ్‌కు చేతులతో చెప్పింది. అయిదో అంశం దాకా తల ఊపకుండా చూసింది. ఆరోది చెప్పగానే వెనింగ్ ఆమె చేతులు పట్టుకుని ఆపి, నా వైపు తిరిగింది. అది చేతులతో చెప్పింది చెప్పినట్టు నోటరీగారిని రాయమన్నాను: "వద్దు. నస్తితక్కంటే నాకిష్టమే, కానీ నాకు కాపలా వద్దు. నువ్వూ నన్నడక్కుండానే రాశావమ్మా." నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చేస్తే నాకే ఎదురు చెబుతుందా అనుకున్నాను. నా కూతురు నా ముఖాన వద్దనడం ఇదే మొదలు.

ఆరో అంశం కొట్టివేయించాను. కారణం: వెనింగ్ వద్దంది.

బంతుల్, 14 ఆగస్టు 2023
(సంతకం) మరియా సుతర్మి
సాక్షులు: యోహానెస్ పర్తొనొ, రంగుల వ్యాపారి, తెరేసియా మూర్వంతి, నర్సు
నా ఎదుట: హంద్రియో, నోటరీ