పెద్దరాణి పట్టాభిషేకానికి ఎందుకు రాలేదు?

కూర్మన్నపాలెం

మధురవాడలో ఏడుకోటల ఫోను ఆట తయారుచేసే ఆఫీసువారికి, స్టీల్ ప్లాంటులో రిటైరైన త్రినాథరావు నమస్కరించి రాయునది.

మేం క్షేమం. మీ ఆటలోనే ఒక ఇల్లు క్షేమంగా లేదు. యువరాణి అలేఖ్య డేగతో చీటీ పంపి పిలిచినా, ఆమె పట్టాభిషేకానికి కన్నతల్లి పెద్దరాణి రాలేదు. ఎందుకో మీరు చెప్పలేదు. ఆడేవాళ్ళలో ఒకడు అసూయంటాడు, ఇంకొకడు మంత్రగాడి పనంటాడు. మా ఆవిడ కాంతం నా ఫోనులోకి తొంగిచూసి ఒక్క ముక్కలో తేల్చేసింది.

"ఏటి తెలీనట్టు అడుగుతారు? డేగ కాలికి సీటీ కట్టి పంపితే ఏ తల్లొత్తాది? బొట్టెట్టి పిలవక్కర్లేదా?"

కనుక యువరాణి స్వయంగా వెళ్ళి పిలిచే ఏర్పాటు చేయగలరు.

ఇట్లు,
త్రినాథరావు

తా.క. మీ రాజ్యంలో కత్తుల కొట్లు బోలెడు. కుంకుమ అమ్మే కొట్టు ఒక్కటీ లేదు. ఆడవాళ్ళు ఎలా బతుకుతున్నారండీ?

మధురవాడ

గౌరవనీయులైన త్రినాథరావుగారికి, ఆ ఆటకు కథ రాసే హరిచందన నమస్కారాలు.

పెద్దరాణి మనసులో ఏముందో కావాలనే చెప్పలేదండి. ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవాలి, కొట్టుకు చావాలి. ఇందులో పిలుపుల గొడవేమీ లేదు. దయచేసి యుద్ధానికి వెళ్ళండి. రాక్షసుడు కోట బయటే కాచుకుని ఉన్నాడు.

భవదీయురాలు,
హరిచందన

తా.క. కూతురి గొప్ప చూడ్డానికి తల్లిని బొట్టు పెట్టి పిలవాలా? ఇది ఆఫీసు అభిప్రాయం కాదు.

కూర్మన్నపాలెం

చిరంజీవి హరిచందనకు త్రినాథరావు ఆశీస్సులు.

నీ ఉత్తరం విని కాంతం, "ఈ పిల్లెవరో యువరాణి తరఫు మనిషిలాగుంది" అంది. యువరాణి కదలదు కాబట్టి మేమే కదిలాం. కాంతం మా వీధి ఆడవాళ్ళందరి ఫోన్లలోనూ మీ ఆట ఎక్కించింది. అందరూ పెద్దరాణి గుమ్మంలోకి వెళ్ళారు. కుంకుమ లేదు కాబట్టి, ఎర్రగా ఉంది కదా అని కొట్లో దొరికే రాక్షసుడి నెత్తురు సీసా తెచ్చి బొట్టు పెట్టారు. పెద్దరాణికి కొమ్ములొచ్చాయి.

అది చూసి రాక్షసుడు ఆమె తనవాళ్ళ మనిషనుకున్నాడు. యుద్ధం మానేసి పక్కన నిలబడ్డాడు. కాంతం మాత్రం పెద్దరాణి పుట్టింటివారు వచ్చారని సంతోషపడుతోంది.

శుభం,
త్రినాథరావు

తా.క. ఎదురుగా ఉన్నవాణ్ణి పిలవకపోతే బాగుండదని రాక్షసుడికీ బొట్టు పెట్టేశారు.

మధురవాడ

త్రినాథరావుగారికి, కాంతంగారికి నమస్కారాలు.

మీ వీధివాళ్ళ పుణ్యమా అని ఆటలో ఎవరూ కొట్టుకోవడం లేదు. రాక్షసులంతా విడిది ఎక్కడని అడుగుతున్నారు. మా మేనేజరు అనిరుధ్‌గారు, పెద్దరాణి ఎందుకు రాలేదో చెప్పు, లేదా ఆమెను తీసేయ్ అన్నారు.

తీసేయలేనండి. ఆమె మా అమ్మ. అచ్యుతాపురంలో ఉంటుంది. నా గృహప్రవేశానికి రాలేదు. కార్డు వాట్సాప్‌లో పంపాను, చూసింది కూడా. పాలు పొంగుతుంటే నేను గుమ్మంవైపే చూస్తూ ఏడ్చాను. ఎందుకు రాలేదో తెలియకే అలా రాశాను.

హరిచందన

తా.క. ఇప్పుడు పిలిస్తే వస్తుందా? కాంతంగారిని అడగండి.

కూర్మన్నపాలెం

అమ్మా హరిచందనా,

కాంతం చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "నన్నడగడం ఎందుకు? బరిణె పట్టుకుని బస్సెక్కు."

త్రినాథరావు

తా.క. రాక్షసుడి సీసా కాదు, నిజం కుంకుమ.

మధురవాడ

బాబాయిగారికి, పిన్నిగారికి హరిచందన నమస్కరించి రాయునది.

వెళ్ళి బొట్టు పెట్టాను. అమ్మ నన్ను వింతగా చూసింది.

"కన్నకూతురివి, నాకు బొట్టేటే? నాకా లిప్టంటే బయం. మీ అత్తోరి ముందు సెప్తే నీకు నామోసీ కదా, అందుకే రానేదు."

మా ఫ్లాటు తొమ్మిదో అంతస్తు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, మధ్యమధ్య మెట్లమీద కూలబడుతూ, మొత్తం ఎక్కింది. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి సంతోషానికి.

ఆటలో కూడా ఉన్నమాటే రాసేశాను. పట్టాభిషేకం ఆకాశకోటలో, పెద్దరాణికేమో రెక్కల గుర్రం ఎక్కాలంటే భయం. ఇంత చిన్న కారణమా అని అందరూ నన్ను తిడుతున్నారు. తిట్టనివ్వండి.

మీ అమ్మాయి,
హరిచందన

తా.క. ఎక్కడం ఎక్కింది గానీ, దిగాలంటే మోకాళ్ళు ఒప్పుకోవట్లేదట. నా వంటింట్లో డబ్బాలన్నీ మార్చేసింది. మా అత్తగారికి పోపు పెట్టడం నేర్పుతోంది. పిలవడానికి బొట్టు చెప్పారు, బాగుంది. పంపడానికేం పెట్టాలో పిన్నిగారిని అడిగి వెంటనే రాయండి.