తెల్లగా పడితే మంచిదా

1966 మే, శుక్రవారం

"నా చేతివ్రాత బాగుండదు, తప్పులుంటాయి, మన్నించండి" అని డాక్టరు గారికి ఉత్తరం మొదలుపెట్టాను. ముందుకి సాగక ఈ డైరీ తీశాను.

పొద్దున మా ఆవిడ సీతని బెజవాడ తీసుకెళ్ళాను. డాక్టరు గారు ఆవిడ పొట్ట మీద వేళ్ళతో తట్టి చూశారు. "మామిడికాయలా టెంక కట్టిందో లేదో చూస్తున్నారాండీ?" అంది సీత. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

లోపల గడ్డ ఉందట. "పై దేశాల్లో చెవికి వినపడని శబ్దాన్ని పొట్టలోకి పంపే మిషనొచ్చింది పెద్దాయనా. అది గట్టిదానికి తగిలి వెనక్కొస్తే ఎకో అంటారు, బొమ్మలో తెల్లగా పడుతుంది. నీళ్ళుంటే ఎకో రాదు, నల్లగా ఉంటుంది. మనకా మిషను లేదు. వచ్చే నెల కోసి చూడాల్సిందే" అన్నారు.

ఏది మంచిదో అడుగుదామనుకున్నాను. వెనక జనం నిలబడి ఉన్నారు, లేచి వచ్చేశాను.

ఆ మాటలు సీత కూడా వింది. బస్సు హనుమాన్ జంక్షన్ దాటాక అడిగింది, "ఏవండీ, నాది తెలుపంటారా, నలుపంటారా?"

తెలుపు శుభం కదా అని "తెలుపే" అన్నాను.

"అయితే పర్లేదు" అని నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అదే ఆలోచన. నీళ్ళైతే తీసెయ్యొచ్చేమో. గట్టిదైతే? నేనన్న తెలుపంటే గట్టిదనేగా...

ఇప్పుడు ఉత్తరంలో ఇలా రాశాను. "నల్లగా పడితే మంచిదా, తెల్లగా పడితే మంచిదా అండీ? సీతకి చదువు రాదు, ఉన్నదున్నట్టు రాయండి. ఆవిడ మళ్ళీ అడిగేలోపు జవాబు పంపండి."