పదకొండేళ్ళ కిందటి కేలండరు

మారికుప్పం,
24-10-1982, ఆదివారం

రాయల్పాడులో కోపంగా కూర్చున్న పిల్లమ్మకు,

మారికుప్పంలో ఏ కోపమూ లేకుండా కూర్చున్న ఆవులప్ప వ్రాస్తున్నది. నేను క్షేమం. ఇల్లు క్షేమం. నువ్వు వెళ్ళిన రోజు కొత్తగా తీసిన సబ్బు ఇంకా ముప్పాతిక వంతు ఉంది.

నీ తమ్ముడు నంజుండప్ప ఉత్తరం నిన్న అందింది. ఒక పక్కే వ్రాసి రెండో పక్క ఊరికే వదిలేశాడు. ఆ వదిలేసిన పక్కనే నేను ఇది వ్రాస్తున్నాను. వాడు పంపిన కవరునే విప్పి, తిరగేసి, మైదా జిగురుతో అతికించాను. దాని మీది బిళ్ళకు పోస్టాఫీసు ముద్ర సరిగ్గా పడలేదు. ఒక నిమిషం చూశాను. కానీ కొత్త బిళ్ళే అంటించాను. దొంగతనం వేరు, పొదుపు వేరు. ఈ సంగతి మీ ఊళ్ళో వాళ్ళకు చదివి వినిపించు.

వాడు వ్రాసింది ఇది: "బావా, సోమవారం మేము చేన్లో సెనక్కాయ పీకతా ఉంటే అక్క నోము గంప నెత్తిన పెట్టుకోని వచ్చినాది. ఏమక్కా అంటే, ఈ పొద్దు దీపావళి గదరా, ఇల్లు కూడా అలకలేదేమిరా అనె. కూలోళ్ళంతా పడి పడి నవ్వినారు. దీపావళికి ఇంగా నాలుగు వారాలు ఉండాది. పదకొండేళ్ళ కిందటి కేలండరు గోడకి తగిలించుకునే మొగోడు నువ్వు తప్ప ఈ కోలారు జిల్లాలో ఇంగొకడు ఉండాడా? కొత్తది కొని తగిలించి, తప్పయిపాయెనని నీ చేత్తో రాసి పంపు. అంతదాకా అక్క ఈడనే ఉంటాది." కింద వాడి భార్య సొన్నమ్మ తన వంతుగా ఒక వాక్యం చేర్చింది: "అన్నా, మీ గనుల్లో దీపావళిని నెల ముందే తవ్వి పైకి తీసినారా?"

మీ అమ్మ నీకిచ్చిన కేదారేశ్వర నోము. ఏటా దీపావళినాడు ఇరవై ఒక్క బెల్లం కజ్జాయాలతో నువ్వు అక్కడికి పోవడం, డ్యూటీ ముగించుకుని నేను సాయంత్రానికి వచ్చి చేతికి దారం కట్టించుకోవడం. పద్దెనిమిదో తేదీనాడు నేను మధ్యాహ్నమే సెలవు అడిగాను. దీపావళికి అన్నాను. ల్యాంప్ రూంలో అందరూ పని ఆపి నా వైపు చూశారు. అప్పుడే నాకు తెలిసింది. అప్పటికి నీ బస్సు శ్రీనివాసపురం దాటిపోయి ఉంటుంది.

అయినా తప్పయిపోయిందని నేను వ్రాయను.

ఎందుకు వ్రాయాలి? 1971లో జనవరి ఒకటి శుక్రవారం, 1982లోనూ శుక్రవారమే. ఏడాది పొడుగునా ఒక్క వారం కూడా తప్పదు. అలాంటి కేలండరు పెట్టెలో భద్రంగా ఉండగా ఇంకొకటి ఎందుకు? ఉగాది ఒక్క రోజు తేడా వచ్చింది, నిజమే. ఒక రోజు ఆలస్యంగా తిన్నంత మాత్రాన వేపపూవు చేదు తగ్గిందా? పెద్దల అమావాస్య రెండు రోజులు తేడా వచ్చింది. ఆలస్యమైందని పెద్దలెవరూ వచ్చి తలుపు తట్టలేదు. ఈ ఏడు ఆశ్వయుజం రెండుసార్లు వచ్చిందంటే, మధ్యలో అధిక మాసం అని ఒక నెల ఎక్కువ పడిందంటే, అది నా కేలండరు తప్పా?

మిగతా నేరాలన్నీ నంజుండప్ప జాబితాగా వ్రాశాడు. అవి నువ్వు చెప్పినవే అయి ఉంటాయి, ఎందుకంటే వాడికి అంత గుర్తుండదు. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువుగా రెండుగా చీలుస్తానన్నాడు. చీలుస్తాను. సగం పుల్లకు మంట సగం వస్తుందా? ఈ గనివాళ్ళ ఇళ్ళ లైన్లో అందరూ నన్ను అరపుల్లప్ప అంటారని నాకు తెలుసు. పిలిచే వాళ్ళే నెలాఖరుకు అగ్గిపెట్టె ఖాళీ అయి మన గడపకు వస్తారు. ఒకసారి కాచిన టీపొడిని ఆరబెట్టి మళ్ళీ కాస్తానన్నాడు. రెండో నెంబరు, మూడో నెంబరు అని నువ్వే పేర్లు పెట్టి, మీ వాళ్ళు వస్తే "మీకు ఏ నెంబరు పోయమంటారు" అని అడిగి నా పరువు తీశావు. మూడో నెంబరులో రంగు ఉండదు కానీ వేడి ఉంటుంది. సబ్బును ఎండలో పెడితే గట్టిపడి పది రోజులు ఎక్కువ వస్తుంది. గనిలో అరిగి పారేసిన బెల్టు ముక్కతో, గేటులో వాచ్‌మన్‌కు చూపించి మరీ తెచ్చిన దానితో కుట్టిన చెప్పులు నాలుగేళ్ళుగా నీ కాళ్ళకే ఉన్నాయి. రాయల్పాడుకు పోయిందీ వాటితోనే.

మారమ్మ రేడియో సంగతి కూడా వ్రాశాడు. మన గోడా పక్కింటి గోడా ఒకటే. పాట గోడలోంచి వస్తే చెవులు మూసుకోవాలా? మొన్న మారమ్మ గోడ అవతలి నుంచి కేకేసింది: "అరపుల్లన్నా, వార్తలు వస్తా ఉండాయి, గట్టిగా పెట్టేదా? పిల్లమ్మక్క లేకుంటే నీకు సరిగా వినపడదేమో!" నేను పీట గోడ దగ్గరికి జరుపుకున్నాను. కొంచెం గట్టిగానే పెట్టింది.

నేను బడికి పోయినవాడిని కాను. శ్రీరామప్ప అంగడిలో సరుకు కట్టి ఇచ్చిన కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాడిని. పారేసే దాంట్లోంచే నాకు చదువు వచ్చింది. నేను మారను. కేలండరు దించను. నువ్వు రావడం నీ ఇష్టం.

ఇట్లు,
ఆవులప్ప

మారికుప్పం,
4-11-1982, గురువారం

పిల్లమ్మకు,

ఈసారి కాగితం కొత్తది. రెండు పక్కలా తెల్లగా ఉన్నది కొన్నాను. నీకు ఇంకొకరి నోట తెలియక ముందే నేను చెప్పాలి, అందుకని.

నిన్న సాయంత్రం రాగిపిండి కోసం శ్రీరామప్ప అంగడికి పోయాను. మారమ్మ కూడా అక్కడే ఉంది. నంజుండప్ప అడిగిన దానికి ఒప్పుకుని కేలండరు కొనుక్కోరాదా అని నన్ను ఏడిపిస్తోంది. శ్రీరామప్ప తక్కెడ పక్కన పెట్టి అన్నాడు: "కొనేదేమి మారమ్మా? జనవరి రెండో తారీకే నేను ఈయప్పకి ఊరికే ఇస్తిని గదా కేలండరు! మా అంగడి పేరు వేయించినది. ఏమప్పా ఆవులప్పా, యాడ పెట్నావు దాన్ని?"

మారమ్మ నా వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది: "ఊరికే వచ్చినది పెట్టుకోని, పాతది తగిలించినావా? అట్లయితే ఇది పిసినారితనం కూడా కాదే. ఇంగేమి రోగం నీకు?"

లైనంతా ఇప్పుడు ఆ మాటే. పిసినారి అంటే నాకు ఎప్పుడూ సిగ్గు లేదు. ఇప్పుడు పిచ్చివాడంటున్నారు. దానికీ సిగ్గు లేదు. కానీ నువ్వు ఆ మాట బస్సులో వచ్చిన ఎవరి దగ్గరో వినకూడదు.

పోయిన డిసెంబరులో, వారాలు కలిసే పాత కేలండరు కోసం పెట్టె తెరిచాను. అంతవరకూ పొదుపే. 1971ది దొరికింది. విప్పి నేల మీద పరిచాను. ప్రతి తేదీ గడిలోనూ ఒక ఎర్ర చుక్క ఉంది. నూనె తడితో పెట్టిన కుంకుమ. ఆదివారాల్లో లేదు. నాకు జ్వరం వచ్చి పనికి పోని రోజుల్లో లేదు. మొదట నాకు అర్థం కాలేదు. ఆగస్టు వచ్చేసరికి అర్థమైంది. పది, పదకొండు, పన్నెండు మూడు గడులూ ఖాళీ. లోపల బండ పేలి, దారి మూసుకుపోయి, మేము నలుగురం మూడు రోజులు కింద ఉండిపోయిన రోజులు అవి. పదమూడో తేదీ గడిలో చుక్క లేదు. బొటనవేలు మొత్తం అద్ది ఉంది. పక్క గడుల్లోకి కూడా పాకింది.

నేను గని నుంచి ఇంటికి వచ్చిన ప్రతి రోజుకూ నువ్వు ఒక చుక్క పెట్టావు. ఆ కేలండరు పొయ్యి గోడకు ఉండేది. నేను తేదీ కోసం నా లెక్క పుస్తకం చూసుకునేవాడిని, ఆ గోడ వైపు చూసేవాడిని కాదు. మరుసటి జనవరిలో నన్ను పైన ల్యాంప్ రూంలో వేశారు. 1972 కేలండరు కూడా విప్పి చూశాను. ఒక్క చుక్క లేదు.

పదేళ్ళుగా నా పని నీకు తెలుసు. దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళను కొక్కేనికి తగిలిస్తాము. పైకి వచ్చి దీపం ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తాము. షిఫ్టు ముగిసినా బిళ్ళ కొక్కేనికే ఉంటే, మనిషి ఇంకా కిందే ఉన్నాడని. ఈ లెక్క నాకంటే ముందు మన ఇంట్లో నువ్వు వ్రాశావు.

ఇంతే అయితే అప్పుడే నిన్ను పిలిచి చెప్పేవాడిని. ఇంకొకటి ఉంది.

పదమూడో తేదీ తర్వాత వారం రోజులు చుక్కలు పెద్దవిగా, చిక్కగా ఉన్నాయి. ఇరవై ఒకటి తర్వాత ఉన్నట్టుండి చిన్నవైపోయాయి. ఆవగింజంత. రంగు కూడా కుంకుమ రంగు కాదు. గోటితో గీకి చూశాను. ఇటుక పొడి. ఎందుకో తెలియక ఆ ఏటి లెక్క పుస్తకం తీశాను. ఆగస్టు 21 కింద నా చేతిరాతలోనే ఉంది: "కుంకుమ పొట్లం. ఈ నెలలో రెండోది. దుబారా. పిల్లమ్మకు చెప్పాను." ఏమని చెప్పానో కూడా గుర్తుకొచ్చింది. "మొహమంతా పూసుకుంటున్నావా?" అన్నాను. నువ్వు పొయ్యి ఊదుకుంటూ కూర్చున్నావు.

డిసెంబరు ఆఖరు దాకా ఇటుక పొడి చుక్కలే.

శ్రీరామప్ప ఇచ్చిన కేలండరును పెట్టె అడుగున వేశాను. పాతదాన్ని గోడకు తగిలించాను. ప్రతి రోజూ చూడాలనిపించింది. నువ్వు అడిగితే పొదుపు అన్నాను. నాకు సులభంగా వచ్చే మాట అదొక్కటే. దానివల్ల నువ్వు నెల ముందే పండగ గంప మోసుకుని పోయి పదిమందిలో నవ్వులపాలయ్యావు. కుంకుమ విషయంలో తప్పు నాది. ఇది వ్రాసి ఇస్తున్నాను. నంజుండప్పకు చూపించు. కానీ వాడు చెప్పినట్టు ఆ కేలండరు మాత్రం దించను. వచ్చే ఏడు వారాలు కలవవు, అయినా దించను. అగ్గిపుల్ల విషయంలోనూ నేను చెప్పిందే సరి.

పదిహేనో తేదీ దీపావళికి నేను వస్తాను. చేతికి దారం కడితే కట్టించుకుంటాను. కట్టకపోతే మీ ఇంటి ముందరి దిన్నె మీద కూర్చుని వెనక్కి వస్తాను. నీ బిళ్ళ ఇంకా కొక్కేనికే వేలాడుతోంది.

ఆవులప్ప

రాయల్పాడు,
10-11-1982

మారికుప్పంలో ఉండే మా ఆయనకి పిల్లమ్మ చెప్పేది, సొన్నమ్మ రాసేది. నేను చెప్పింది చెప్పినట్టే రాయమని ఒట్టు పెట్టించుకున్నాను.

మామా, నీ రెండు ఉత్తరాలూ సొన్నమ్మ చదివినాది. రెండోది సగంలో ఆపి, మొగం పమిటతో తుడుచుకోని, మళ్ళా చదివినాది. నేను ఏడవలేదు.

ఆ కేలండరు పాతదని నాకు తెలీదనుకున్నావా? నువ్వు దాన్ని తగిలించిన పొద్దే చూసినాను. నా చుక్కలు నాకు గుర్తుండవా? ఈయప్ప చూసినాడు, ఇంగ ఏదో ఒకటి అంటాడు అనుకోని కాచుకోని ఉంటిని. నువ్వేమో వారాలు కలస్తాయని చెప్తివి. ఉగాది మారమ్మ ఇంట్లో ఒక పొద్దు తిని, మర్నాడు మనింట్లో ఇంగో పొద్దు తింటిని. పెద్దల అమావాస్య కూడా పాయె. పది నెలలు నీ నోరు చూస్తిని. సబ్బు ఎండిందా అని అడుగుతావు, అది మాత్రం అడగవు.

అధిక మాసమని లైన్లో అందరికీ తెలుసు, నాకు తెలీదా? తెలిసే వచ్చినాను, చేన్లో అడిగినదీ తెలిసే. నోముకి ఎట్లా రావాల్సిందే. బస్సు చార్జీ ఒకటే. నెల ముందే వస్తే అదే చార్జీకి నెల రోజులు పుట్టిల్లు. ఈ లెక్క నీ దగ్గర నేర్చుకున్నదే. చేన్లో నవ్వింది నన్ను చూసి కాదు, నిన్ను చూసి. కజ్జాయాలు ఆ పొద్దే అందరమూ కూచోని తినేస్తిమి. నోముకి మళ్ళా చేస్తాను.

నంజుండప్ప కొత్త కేలండరు అంటా ఉండాడు. కొనద్దు. శ్రీరామప్ప వచ్చే ఏడుకి కూడా ఊరికే ఇస్తాడు. పాతది పొయ్యి గోడకి మార్చు, కొత్తది దాని మీద తగిలించుకుందాము. మేకు ఒకటే చాలు.

ఇటుక పొడి సంగతి రాస్తివే, అది మన లైను కొళాయి కాడ పగిలిన ఇటుకది. ఊరికే వచ్చినది. నువ్వు లెక్కలో రాయాల్సిన పని లేకుండా చేసినాను. ఆ పొద్దు నువ్వు అన్న మాటకి నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చినాది. పదకొండేండ్లు ఉండాది. నువ్వు రాసి పంపినంక పోయినాది. రాత్రి చూసుకుంటే లేదు.

పదిహేనో తారీకు సాయంత్రం దాకా నిలబడద్దు, పొద్దున మొదటి బస్సుకే రా. దిన్నె మీద కూచునేది యాడ, లోపలికి రా, దారం కడతాను. వచ్చేటప్పుడు శ్రీరామప్ప అంగట్లో కుంకుమ పొట్లం తే. చిన్నది కాదు, పెద్దది. లెక్కలో నీ పేరుతో రాసుకో.

సంతకం నాకు రాదు. సొన్నమ్మ మసి తెస్తానన్నాది, వద్దన్నాను. కింద అద్దినది కుంకుమ. బొటనవేలు మొత్తం అద్దినాను.

పిల్లమ్మ